నెలకు లక్ష

ఆడిటర్ చంద్రశేఖరరావు తనకు చేసిన మర్యాదను గురునాథం చచ్చినా మరిచిపోడు. మరిచిపోకుండా ఉండడానికి మార్కాపురంలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. పాలకేంద్రం దగ్గర చెప్పాడు, క్షవరం చేయించుకుంటూ చెప్పాడు, చెప్పినవాడికే రెండోసారి చెప్పాడు.

జరిగింది ఇంతే. జూలై నెల, పన్ను రిటర్నులు వేసే కాలం. గురునాథం పొద్దున పదింటికి పోయి ఆడిటర్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు. అతని తర్వాత రైసుమిల్లు ఆయన వచ్చి లోపలికి పోయాడు. ఆ తర్వాత గ్రానైటు ఆయన వచ్చి లోపలికి పోయాడు, లోపలికి టీ కూడా పోయింది. పదకొండున్నరకు ఆడిటర్ తలుపు సగం తెరిచి, "మీరు రేపు రండి గురునాథం. మీది చిన్న ఫైలే గదా, ఐదు నిమిషాల పని," అన్నాడు.

బెంచీ మీద ఇంకా నలుగురున్నారు. అందులో ఒకడు కంభం నుంచి వచ్చిన ఎరువుల డీలరు. అంతవరకూ కాళ్ళు ముడుచుకుని గురునాథానికి చోటిచ్చిన మనిషి, ఆ మాట వినగానే కాళ్ళు చాపుకున్నాడు. చంద్రశేఖరరావు నిజానికి సీఏ చదివినవాడు కాదు. పన్ను కాగితాలు రాసిపెట్టడం ఆయన వృత్తి. ఊళ్ళో అట్లాంటివాళ్ళందరినీ ఆడిటర్ అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా గురునాథం కూడా నోరారా అట్లాగే పిలుస్తూ వచ్చాడు. ఆ రోజు నుంచి 'ఆ గుమాస్తా' అనడం మొదలుపెట్టాడు.

గురునాథం ఇంటిది పలకల వ్యాపారం. తాను ఏడో తరగతిలో బడి మానేసి, దేశంలో ఎక్కడెక్కడి పిల్లలకో పలకలు పంపి బతికినవాడు. పలకల గిరాకీ పడిపోయాక అదే దుకాణంలో నోటు పుస్తకాలు, పరీక్ష అట్టలు, బడి సంచులు పెట్టాడు. ఏడాది పొడుగునా అమ్మకాలు ముప్పై ఎనిమిది లక్షలు, అన్నీ పోను మిగిలేది మూడు లక్షల ఎనభై వేలు. తినడానికి లోటు లేదు, చెప్పుకోడానికి మాత్రం చాలదు.

ఆ ఏడాది రిటర్ను మటుకు ఉత్త మొక్కుబడి కాదు. కొనకనమిట్ల పోయే దారిలో అతనికున్న ఎనభై సెంట్ల ఖాళీ స్థలాన్ని రోడ్డు కోసం తీసుకున్నారు. పరిహారం తొమ్మిది లక్షల అరవై వేలు. అందులో పదో వంతు, తొంబై ఆరు వేలు, పన్ను కింద ముందే కోసుకుని మిగతాది ఇచ్చారు. ఇచ్చింది ఇచ్చినట్టే బ్యాంకు అప్పుకు పోయింది. కోసుకున్న తొంబై ఆరు వేల మీద ఆశ పెట్టింది చంద్రశేఖరరావే. "ప్రభుత్వం తీసుకున్న భూమి డబ్బుకు పన్ను లేదు. రిటర్ను వేస్తే ఆ తొంబై ఆరూ రూపాయితో సహా వెనక్కి వస్తది," అని మార్చిలోనే చెప్పాడు.

ఆ మాట విన్న రోజే గురునాథం భార్య అనంతలక్ష్మి రేకుల ఆయన్ని పిలిపించింది. దుకాణం పైకప్పు రేకులు తుప్పు పట్టి జల్లెడలాగా ఉన్నాయి. వాన వస్తే గల్లాపెట్టె మీద ఒక బక్కెట, పరీక్ష అట్టల మీద రెండు. రేకుల ఆయన కొలుచుకుని, ఇనుప కమ్ములతో, బోల్టులతో కలిపి తొంబై రెండు వేలు అన్నాడు. "ఆ డబ్బు రేకులకే. ఇంకెవురూ దాని వైపు చూడొద్దు," అని అనంతలక్ష్మి ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా అందరికీ చెప్పినట్టు చెప్పింది.

ఇదంతా తెలిసి కూడా గురునాథం మర్నాడు ఆడిటర్ దగ్గరికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు.

"పదిహేను వందలు తీసుకుంటాడు, బెంచీ మీద కూర్చోబెడతాడు. ఆ డబ్బుకు బస్టాండులో కూర్చున్నా మర్యాద ఉంటది," అన్నాడు.

"కూర్చుంటే ఏం పోయింది. రేపు పోండి, రేకులు గుర్తు పెట్టుకుని కూర్చోండి," అంది అనంతలక్ష్మి.

గడువు ఇంకా మూడు రోజులుందనగా, ఆదివారం పూట, అనంతలక్ష్మి తమ్ముడు ఉమామహేశ్వర్లు గిద్దలూరు నుంచి కారులో వచ్చాడు. అతనికి అక్కడ స్టీలు సామాన్ల దుకాణం ఉంది. డిగ్రీ చదివాడు, ఫోనులో అన్ని పనులూ చేస్తాడు. అన్నం తింటూ సంగతి విని నవ్వాడు.

"ఈ కాలంలో ఆడిటరేంది బావా. యాప్ ఉంది. నాలుగొందల తొంబై తొమ్మిది. నేను రెండేళ్ళ నుంచి దాంట్లోనే వేస్తున్నా. తెలుగులో అడుగుతది, మనం చెప్పుకుంటా పోవడమే."

"ఆడిటర్ అయితే మనం మరిచిపోయిన ఖర్చు గూడా ఆయనే గుర్తు చేస్తాడురా," అంది అనంతలక్ష్మి, మజ్జిగ పోస్తూ. "మనిషిని చూసి రాస్తాడు. ఫోనుకేం తెలుస్తది?"

"ఫోనుకు మనిషిని చూసే పని లేదక్కా, అదే దాని గొప్ప. గ్రానైటాయనా ఒకటే, బావా ఒకటే. బెంచీ మీద కూర్చోబెట్టదు."

గురునాథం ఆ ఒక్క మాటకు పడిపోయాడు. "తెరువు," అన్నాడు.

ఇక్కడ చంద్రశేఖరరావు పని చేసే తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్ళలో ఆయన గురునాథాన్ని 'నీ ఆదాయమెంత' అని ఒక్కసారి కూడా నోటితో అడగలేదు. అమ్మకాల చీటీలు చూసి, లెక్క తేల్చి, పాత పెళ్ళిపత్రిక వెనకాల పెన్సిలుతో ఒక అంకె రాసి గురునాథం వైపు తిప్పేవాడు. గురునాథం తల ఊపేవాడు. ఆయన రబ్బరుతో చెరిపేసేవాడు. ఇద్దరే ఉన్నా అంతే. ఎందుకంటే తలుపు చెక్కది, పలచన, అవతల బెంచీ ఉంది. మార్కాపురంలో దుకాణం ఉన్న ప్రతివాడికీ రెండు అంకెలుంటాయి. నిజమైనది కాగితం మీద ఉంటుంది, పెద్దది నోట్లో ఉంటుంది. పెద్దది చుట్టాల కోసం, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చునేవాళ్ళ కోసం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చూడడమే చంద్రశేఖరరావు తీసుకునే పదిహేను వందలకు అసలు పని. ఆ సంగతి గురునాథానికి తెలియదు. ఆయన చేసిపెట్టినన్నాళ్ళూ అది పని అని అనిపించలేదు.

గురునాథం నోటి అంకె పుట్టి నాలుగేళ్ళయింది. ఉమామహేశ్వర్లు కారు కొన్న రోజు గిద్దలూరులో భోజనాలు పెట్టాడు. బంతిలో అందరూ కారును మెచ్చుకుంటుంటే, ఎవరూ అడక్కుండానే, "కారుదేముంది, నాకూ నెలకు లక్ష మిగుల్తది. ఇరుకు సందులో పెట్టుకోడానికి చోటు లేక కొనలేదు," అన్నాడు. అప్పటి నుంచి అత్తగారి ఊళ్ళో అతని పేరు నెలకు లక్షాయన. ఆ పేరు ఊరికే రాలేదు. అంతకు ముందు చుట్టాల పెళ్ళిళ్ళలో వెయ్యి చదివించినచోట ఇప్పుడు ఐదు వేలు చదివించాలి. అనంతలక్ష్మి ప్రతిసారీ కవరు అంటిస్తూ భర్త ముఖం వైపు ఒక చూపు చూసేది.

భోజనం అయ్యాక బావా బావమరిది దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. ఉమామహేశ్వర్లు ముందు చేసిన పని, గురునాథం ఇన్‌కమ్ ట్యాక్సు ఖాతాలో ఉన్న ఆడిటర్ ఫోను నంబరు తీసేసి తన నంబరు పెట్టడం. గురునాథం ఆధార్‌కు ఎట్లాగూ బావమరిది నంబరే ఉంది. గురునాథానికి నెలకొక సిమ్ము మారే రోజుల్లో గిద్దలూరులో కార్డు తీయించినప్పుడు రాయించింది.

"ఇంక ఆయన పెత్తనం లేదు బావా. ఏ ఓటీపీ వచ్చినా నాకే వస్తది."

"మంచి పని చేసినావు," అన్నాడు గురునాథం.

యాప్ అడిగినవి ఉమామహేశ్వర్లు పైకి చదివాడు. పేరు, ఊరు, దుకాణం. తొంబై ఆరు వేలు ముందే కోసుకున్న సంగతి యాప్ తనంతట తానే తవ్వి తెచ్చింది. 'ఈ భూమిని ప్రజావసరం కోసం ప్రభుత్వం తీసుకున్నదా' అని అడిగింది. అవును అని నొక్కాడు. ఆ డబ్బు మీద పన్ను సున్నా అయింది. పైన ఆకుపచ్చ అక్షరాల్లో 'మీకు రావలసినది 96,000' అని వచ్చింది.

"చూడు బావా. మీ ఆడిటర్ నాలుగు నెలల నుంచి ఊరిస్తున్నది మూడు నిమిషాల్లో చూపించింది."

గురునాథం ఫోను తీసుకుని ఆ అంకెను దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. అనంతలక్ష్మి కాఫీ తెచ్చి, తానూ వంగి చూసి, తల ఎత్తి రేకుల వైపు చూసింది. ఆ దుకాణంలో చాలా రోజులకు ముగ్గురి ముఖాలూ ఒకేసారి వెలిగాయి.

"అమ్మకాలెంత బావా?"

"ముప్పై ఎనిమిది." అది చీటీల్లో ఉన్నదే, చెప్పడానికి నామోషీ లేదు.

"లాభమెంత అంటుంది. ఇది నాకు తెలుసులే," అంటూ ఉమామహేశ్వర్లు అడగకుండానే కొట్టేశాడు. "నెలకు లక్ష. పన్నెండు లక్షలు."

పైన ఆకుపచ్చ అక్షరాలు ఒకసారి ఆరి మళ్ళీ వెలిగాయి. 'మీకు రావలసినది 2,400.'

ఉమామహేశ్వర్లు దాన్ని చూసి నాలుక చప్పరించాడు. "పన్ను గట్టిగానే పడింది బావా. తొంబై మూడు వేల ఆరు వందలు. అంత ఆదాయమున్నోళ్ళకు తప్పదులే."

అనంతలక్ష్మి దగ్గింది. గురునాథం చూడలేదు. ఆమె కాఫీ గ్లాసు గల్లాపెట్టె మీద కాస్త గట్టిగా పెట్టింది.

"ఎందుకైనా మంచిది, ఆడిటర్‌ను ఒక మాట అడిగి నొక్కండి," అంది.

"ఆ గుమాస్తాను నేనడగను."

"అంకె సరైనదేనా అంటుంది బావా. సరే అనాలా, మార్చాలా?" అన్నాడు ఉమామహేశ్వర్లు. బటను మీద వేలు పెట్టకుండా ఆగి, బావ ముఖంలోకి చూశాడు.

గురునాథం చెప్పాల్సింది ఒక్క ముక్క. మూడు లక్షల ఎనభై వేలని. నాలుక మీదికి కూడా వచ్చింది. కానీ ఆ ముక్క చెప్పాక ఆ కారు, ఆ బంతి భోజనం, నాలుగేళ్ళ చదివింపులు, అన్నీ బావమరిది కళ్ళ ముందు వరసగా నిలబడతాయి. అప్పటికీ చెప్పేవాడేమో. అంతలో ఉమామహేశ్వర్లు, "నాకు ఈ బాధ లేదు బావా. నాది ఆరు ముప్పావు. ఏడు లోపల పన్నే లేదంట, సున్నా వచ్చింది," అన్నాడు.

ఆరు ముప్పావు. కారున్న మనిషికి ఆరు ముప్పావు. గురునాథం కుర్చీలో వెనక్కి వాలాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అత్తగారి వైపు మనిషి ఒకడు తన కంటే తక్కువని తానే చెప్పుకోవడం ఇదే మొదలు. ఆ సుఖం ఎట్లాంటిదో అనుభవించినవాడికే తెలుస్తుంది. చిన్న ఫైలంట. తొంబై మూడు వేలు పన్ను కట్టే ఫైలు చిన్నదెట్లా అవుతుంది?

"నొక్కు," అన్నాడు.

సెప్టెంబరులో రెండు వేల నాలుగు వందలు బ్యాంకులో పడ్డాయి. ఫోను మోగినప్పుడు గల్లాపెట్టె దగ్గర ఉన్నది అనంతలక్ష్మి. చూసి, ఫోను భర్త చేతిలో పెట్టింది.

"రేకులు రాలేదు గానీ, రెండు బక్కెట్లొస్తాయి. మంచివి తెండి, ఈసారి పిడి ఊడనివి," అంది.

"పన్ను కట్టినాం. దేశానికి పోయింది. దొంగలకేం పోలేదు."

"దేశం మనల్ని అడిగిందా? అది అడిగింది నిజం చెప్పమని. చెప్పలేకపోతిరి."

"మీ తమ్ముడే గదా కొట్టింది."

"వాడు మీ నోట్లోది కొట్టినాడు. నా తమ్ముడికి నేను ఫోన్ చేసి చెప్పేదా, మీ బావకు అంత లేదురా, ఆ లెక్క సరిచెయ్యి అని?"

"చేసినావంటే నేను గిద్దలూరు గడప తొక్కను. ఈ జన్మకు."

అనంతలక్ష్మి చేతిలోకి తీసుకున్న తన ఫోను కింద పెట్టింది. ఆ మాట ఆమె నమ్మింది. ఇంకే మాటా నిలబెట్టుకోని మనిషి ఇట్లాంటివి మాత్రం నిలబెట్టుకుంటాడని ఆమెకు తెలుసు.

అక్టోబరులో వానలు పడ్డాయి. మూడు వందల పరీక్ష అట్టలు అప్పడాల్లాగా ఉబ్బి, ఎండలో పెడితే పడవల్లాగా వంగాయి. రిటర్ను తిరగరాసుకోడానికి డిసెంబరు ఆఖరు దాకా గడువుందని ఎవరో చెప్పారు. గురునాథం డిసెంబరంతా ఆడిటర్ వీధి తప్పించి తిరిగాడు. గడువు ఈసారి జనవరి పదిహేను దాకా పెంచారు. దాంతో ఇంకో పది రోజులు తిరిగాడు. పదకొండో తేదీన అనంతలక్ష్మి ఉబ్బిన అట్ట ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. గురునాథం చెప్పులేసుకుని బయల్దేరాడు.

ఆ రోజు బెంచీ మీద ఎవరూ లేరు. చంద్రశేఖరరావే లేచి వచ్చి లోపలికి పిలిచాడు. టీ కూడా తెప్పించాడు. ఆ మర్యాదకు గురునాథానికి ఇంకా ఒళ్ళు మండింది.

"మర్నాడొస్తారనుకున్నా. మీరు రాలేదు," అన్నాడు ఆడిటర్. గురునాథం ఇచ్చిన జూలై రిటర్ను కాగితం చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత పెళ్ళిపత్రిక వెనకాల పెన్సిలుతో 12,00,000 అని రాసి గురునాథం వైపు తిప్పాడు. గురునాథం అడ్డంగా తల ఊపాడు. దాన్ని చెరిపి 3,80,000 అని రాశాడు. గురునాథం నిలువుగా ఊపాడు.

"ఎందుకిట్ల రాసినారు?"

గురునాథం టీ గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. చంద్రశేఖరరావు రెట్టించలేదు. "అయిందేదో అయింది. తిరగరాసి వేస్తే తొంబై మూడు వేల ఆరు వందలూ వస్తాయి. పది నిమిషాల పని. పాస్‌వర్డ్ చెప్పండి."

"మా బావమరిదికి తెలుసు."

"పోనీ ఓటీపీ మీద మారుద్దాం. నంబరు?"

"మా బావమరిదిది."

"ఆధార్‌కు?"

"దానికీ ఆయనదే."

చంద్రశేఖరరావు పెన్సిలు పక్కన పెట్టాడు. "ఆధార్‌లో నంబరు మార్చాలంటే వారం పైనే పడతది. మధ్యలో పండగ, సెంటర్లు మూత. పదిహేనుకు అందదు. ఆయనకే ఫోన్ చేయండి. ఆరంకెలు చెప్పమనండి, చాలు. నేనిప్పుడే పంపిస్తున్నా."

గురునాథం ఫోను తీసి, ఊపిరి పీల్చుకుని, నొక్కాడు.

"ఏం బావా, బాగుండారా. చేతుల్లో బిందెలున్నాయి, స్పీకర్లో పెట్టినా," అన్నాడు ఉమామహేశ్వర్లు. వెనకాల గిన్నెల చప్పుడు, పండగ బేరాల మాటలు వినిపిస్తున్నాయి.

"నీకో మెసేజీ వచ్చింటది. అందులో ఆరంకెలు చెప్పు."

"వచ్చింది. ఇన్‌కమ్ ట్యాక్సుది. మళ్ళా ఏంది బావా, జూలైలోనే వేస్తిమి గదా."

"చిన్న సవరణ."

"ఏం సవరణ?"

చంద్రశేఖరరావు పెళ్ళిపత్రిక మీద 'ఉన్నది చెప్పండి' అని రాసి తిప్పాడు.

"ఆదాయం దగ్గర అంకె తప్పు పడింది," అన్నాడు గురునాథం.

"తప్పెట్ల పడతది, కొట్టింది నేనే. నెలకు లక్ష. ఏం, ఎక్కువేసినామా?"

వెనకాల ఎవరో, "ఎవురు, మార్కాపురం లక్షాయనా?" అన్నారు. ఇంకెవరో, "ఆయనే. పండగకు రమ్మను," అన్నారు. ఆ గొంతుల్లో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. ఉత్త గౌరవం ఉంది.

గురునాథం నోరు తెరిచాడు. లోపల సిద్ధం చేసుకున్నది ఒకటి, బయటికి వచ్చింది ఇంకొకటి.

"ఎక్కువ కాదు. తక్కువేసినాం."

చంద్రశేఖరరావు కుర్చీ కిర్రుమంది.

"తక్కువా?"

"ఇంకో రెండు లక్షలుంది. అప్పుడు గుర్తు రాలేదు. రాసేద్దామని."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఉమామహేశ్వర్లు స్పీకరు తీసేసి ఫోను చెవికి పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"బావా, ఇంత మంచితనం పనికిరాదు. తొంబై మూడు వేలు కట్టిన మనిషివి, ఇంకా కడతావా? ఎవురడిగినారు నిన్ను? ఆ ఆడిటర్ దగ్గర కూర్చున్నావు గదా, నాకు తెలుసు. ఫీజు కోసం ఆయనే ఎక్కించినాడు నీకు."

"ఆయనకేం సంబంధం లేదు. నువ్వు అంకెలు చెప్పు ఉమా."

"చెప్పను. కావాలంటే నన్ను తిట్టు. ఇప్పటికే అక్క, ఆ డబ్బు రేకులకు లేకపోయిందని బాధపడతా ఉంది. ఇంకా కట్టించినానంటే నా మొహం చూడదు. మెసేజీ తీసేస్తున్నా. తీసేసినా. ఇంకొకటొచ్చినా తీసేస్తా. నీ బాగు కోరేవాణ్ణి బావా, ఏమనుకోకు."

ఫోను పెట్టేశాడు.

చంద్రశేఖరరావు నవ్వు ఆపుకోడానికి టీ గ్లాసు ఎత్తి, అందులో టీ లేదని చూసి, దించాడు.

"ఇంకో ఓటీపీ పంపిస్తా," అన్నాడు మెల్లగా. "ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన మీ సొంత మనిషి. నవ్వితే ఒక రోజు నవ్వుతాడు. ఇంకా నాలుగు రోజులుంది, ఇంటికి పోయైనా చెయ్యండి."

గురునాథం ఫోను వైపు చూశాడు. అటు రేకులున్నాయి, అనంతలక్ష్మి ఒళ్ళో పెట్టిన అట్ట ఉంది. ఇటు గిద్దలూరులో 'పండగకు రమ్మను' అన్న గొంతు ఉంది. రెండూ తూచి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ తరాజు పట్టకుండా వ్యాపారం చేసిన మనిషి, ఆ తూకం మాత్రం చాలా సేపు వేశాడు.

"వద్దులెండి," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "మీ ఫీజెంత?" అని అడిగాడు.

"పని కాలేదు గదా, ఫీజేంది," అన్నాడు ఆడిటర్.

పదిహేనో తేదీ పోయింది. ఎనభై సెంట్ల భూమి పోయిందనడానికి లేదు, దానికి ధర కట్టి ఇచ్చారు. పోయిందల్లా, గురునాథం ఏనాడూ సంపాదించని ఎనిమిది లక్షల ఇరవై వేల లాభం మీద పడిన పన్ను. అక్షరాలా తొంబై మూడు వేల ఆరు వందల రూపాయలు.